బాబుకి పరీక్ష చేయించమని టీచర్ అన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

బాబుకి ఎనిమిదేళ్లు, ఒడియా మీడియంలో మూడో తరగతి, నాలుగు అక్షరాలు కూడబలుక్కోలేకపోతున్నాడు, స్పెషల్ పిల్లల కింద పరీక్ష చేయించమని టీచర్ అన్నారని రాశారు. మాది ఒడిశాలోని గుణుపురం, ఇంట్లో తెలుగే. మా పాపతో ఈ తిరుగుడంతా తిరిగాను కాబట్టి చెప్తున్నా. పరీక్ష చేయించండి, కానీ ఏ భాషలో చేస్తారో ముందే అడగండి.

మొదటిసారి వెళ్లిన చోట ఒకాయన బొమ్మలు చూపించి ఒడియాలో పేర్లు చెప్పమన్నారు. గొడుగు బొమ్మకి మా పాప 'గొడుగు' అంది. ఆయనకి కావల్సింది 'ఛతా'. కాగితం మీద ఇంటూ కొట్టారు. అలా వరసగా నాలుగు ఇంటూలు. ఇరవై నిమిషాల్లో 'బుద్ధిమాంద్యం ఉండొచ్చు' అని రాసిచ్చేశారు. ఆ కాగితంతో బస్టాండులో కూర్చుంటే, మా పాప నా పర్సులోంచి చిల్లర తీసి ఇద్దరి టికెట్లకి సరిపడా లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది! అప్పుడే అనుమానం వచ్చింది నాకు.

రెండోచోట తెలుగు వచ్చిన సైకాలజిస్టు దొరికారు. ఆవిడ ముందు చెవి, కళ్లు చూపించుకు రమ్మన్నారు. చెవిలో కర్ణభేరి వెనక నీరు చేరిందట, మందులతో తగ్గింది. మీరూ ఇదే ముందు చేయించండి. ఆ తర్వాత చెక్క పలక మీద ఆకారాలు అమర్చే పరీక్ష పెట్టారు, దానికి భాషతో పనిలేదు. బట్టలు తనే వేసుకుంటుందా, కొట్టుకెళ్లి సామాను తెస్తుందా అని నన్ను గంటసేపు అడిగారు. తెలివికి లోటు లేదని తేలింది. మరి చదువు? మా అమ్మ నేర్పిన తెలుగు అక్షరాలు కూడా చదివించి చూశారు, అక్కడా అదే తడబాటు. ఒడియాలోనే ఇబ్బందైతే అది భాష రాకపోవడం, ఇంటి భాషలోనూ ఉంటే చదివే సామర్థ్యంలోనే లోపం ఉండొచ్చని అప్పుడు అర్థమైంది.

ఇక కాగితాల సంగతి. బాబుకి పరీక్ష చేయించమని హెడ్‌మాస్టరుకి అర్జీ రాసి, ఒక కాపీ మీద సంతకం పెట్టించుకోండి. నోటిమాట మీద వదిలేస్తే ఏడాది గడిచిపోతుంది. బ్లాక్ రిసోర్స్ సెంటర్లో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం తరఫున స్పెషల్ టీచర్లు ఉంటారు, ఇలాంటి పిల్లల్ని పరీక్షించే క్యాంపు ఎప్పుడో వాళ్లకి తెలుస్తుంది. జిల్లా ఆసుపత్రుల్లో 18 ఏళ్ల లోపు పిల్లల కోసం పెట్టిన డీఈఐసీ (లోపాల్ని త్వరగా గుర్తించి సాయం చేసే జిల్లా కేంద్రం) గురించి కూడా అడగండి. చదివే లోపానికి సర్టిఫికెట్ 8 ఏళ్లు నిండాకే ఇస్తారు, కాబట్టి మీరు ఆలస్యమేమీ చేయలేదు. యూడీఐడీ కార్డుకి, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకి, ఆన్‌లైన్లో అప్లై చేయొచ్చు. కార్డు వస్తే పిల్ల మీద ముద్ర పడిపోతుందని మా అత్తగారు నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు, ఆ టెన్షన్ మీకూ తప్పదేమో. స్కూల్ మార్చమని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మామూలు బడిలోనే అందరితో పాటు చదువుకునే హక్కు ఉంది.

వెళ్లేటప్పుడు బాబు ఒడియా నోట్‌బుక్కులు, ఇంట్లో తెలుగులో రాయించిన కాగితాలు రెండూ పట్టుకెళ్లండి. మొదటిసారి నేను ఉత్తి చేతులతో వెళ్లాను.