వానలో పట్టున్న టైర్లు కావాలంటే

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. వాన పడితే చాలు, బలమైన ఇంజన్ ఉన్న నీ కారు ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగిపోతున్నాయనీ, స్టీరింగ్ చేతిలో నిలవడం లేదనీ, ఏ టైర్లు వేయించమంటావనీ అడిగావు. ఫోన్లో ఒక కంపెనీ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఎందుకో తెలియకుండా కొంటే ఈ జత అరిగాక మళ్లీ ఇదే ప్రశ్న దగ్గరికొస్తావు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నీ కారు సంగతి అర్థం చేసుకో. నీది ఫ్రంట్ వీల్ డ్రైవ్, అంటే ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే. ఇలాంటి బండిలో ఆ ముందు రెండు టైర్లే బండిని లాగాలి, అవే తిప్పాలి, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం మోసేదీ అవే. టైరుకు రోడ్డు మీద దొరికే పట్టు నెల జీతం లాంటిది. యాక్సిలరేటర్ కింద ఖర్చయిపోయింది స్టీరింగ్‌కు మిగలదు. వాన పడిందంటే ఆ జీతానికే కోత పడుతుంది. పైగా నువ్వు గట్టిగా తొక్కగానే బరువు వెనక్కి వాలుతుంది. అంటే లాగాల్సిన టైర్ల మీద, సరిగ్గా లాగాల్సిన క్షణంలోనే, బరువు తగ్గుతుంది. మామూలు ఇంజన్‌తో ఇది పెద్దగా తెలియదు. నీ ఇంజన్ బలానికి రెండో గేరులో కూడా తెలుస్తుంది.

ట్రాక్షన్ కంట్రోల్ ఉంది కదా అని ధైర్యంగా ఉండకు. అది కొత్తగా పట్టు పుట్టించదు. జారుతున్న చక్రానికి బ్రేకు వేస్తుంది, ఇంజన్ బలం తగ్గిస్తుంది, అంతే. తడి రోడ్డు మీద మెల్లగా కదిలినా మీటర్లో ఆ పసుపు లైటు మాటిమాటికీ మెరుస్తోందంటే, ముందు టైర్ల పని అయిపోవచ్చిందనే అనుకో.

ఇక టైరు విషయం. చాలామంది వాన టైరు అనగానే గాడులు ఎంత గొప్పగా ఉన్నాయో చూస్తారు. నిజానికి వానలో టైరుకు రెండు వేర్వేరు పరీక్షలుంటాయి. రోడ్డు తడిసి మెరుస్తూ ఉండటం ఒకటి, రోడ్డు మీద నీళ్లు నిలవడం మరొకటి. ఒకదానిలో నెగ్గిన టైరు రెండో దానిలో నెగ్గాలని లేదు.

తడిసిన రోడ్డు మీద ఆధారం రబ్బరు. దానిలో సిలికా అనే సన్నటి పొడి కలిపితే తడిలో పట్టు పెరుగుతుంది, దొర్లేటప్పుడు వృథా అయ్యే శక్తి కూడా తగ్గుతుంది. 1990ల నుంచి కార్ల టైర్లలో ఇది బాగా వాడుకలోకి వచ్చింది. నువ్వు చెప్పిన బాధంతా, అంటే కూడలిలో బయల్దేరుతుంటే చక్రం జారడం, తెల్ల గీతల మీద స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోవడం, ఎక్కువగా ఈ రబ్బరుకు సంబంధించినదే. గాడులు లోతుగా ఉన్నా రబ్బరు గట్టిగా ఉంటే ఆ జారుడు పోదు.

నిలిచిన నీళ్ల కథ వేరు. నీళ్లను పక్కకు నెట్టే తీరిక టైరుకు లేకపోతే బండి నీటి పొర మీద తేలిపోతుంది. ఆక్వాప్లేనింగ్ అంటారు. అప్పుడు ఎంత మంచి రబ్బరైనా రోడ్డును తాకితేనే కదా పనిచేసేది! ఇక్కడ లెక్కకొచ్చేవి గాడుల లోతు, టైరు వెడల్పు, గాలి ఒత్తిడి, నీ వేగం. 1960ల్లో నాసా వాళ్లు విమానాల టైర్ల మీద పరిశోధన చేసి, తేలడం మొదలయ్యే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుందని తేల్చారు. ఆ సూత్రంలో 32 పీఎస్ఐ వేసి చూస్తే గంటకు సుమారు 94 కిలోమీటర్లు వస్తుంది. కారు టైరుకు ఇది గీత గీసినట్టు ఉండే హద్దు కాదు. గాడులు అరిగిపోయి నీళ్లు లోతుగా ఉంటే ఇంకా తక్కువ వేగానికే తేలొచ్చు. కానీ గాలి తగ్గితే ప్రమాదం దగ్గరవుతుందన్న మాట మాత్రం కారుకూ వర్తిస్తుంది. వానలో పట్టు కోసం గాలి తగ్గించుకోమని ఎవరైనా చెబితే వినకు. డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద రాసిన ఒత్తిడే పెట్టు, అదీ బండి నడపక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి.

అందంగా ఉంటుందని ఇంకా వెడల్పు టైరు వేయించాలన్న ఆలోచన ఉంటే అదీ మానుకో. టైరు వెడల్పయ్యేకొద్దీ పక్కకు నెట్టాల్సిన నీళ్లూ పెరుగుతాయి. కంపెనీ ఇచ్చిన సైజే ఉంచు. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు అంకె), స్పీడ్ రేటింగ్ (తట్టుకోగల వేగం అక్షరం) కూడా ఆ పాత టైరు మీద ఉన్నదానికి తగ్గకూడదు. స్పీడ్ రేటింగ్‌లో వీ అంటే గంటకు 240 కిలోమీటర్లు, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300 వరకు. అంత వేగంగా పోతావని కాదు, ఆ బరువుకూ ఆ బలానికీ తట్టుకునేలా కట్టిన టైరు అని.

లేబుళ్లు చదవడం నేర్చుకో. యూరప్ లేబుల్ మీద వాన మబ్బు బొమ్మ పక్కన ‘ఏ’ (A) నుంచి ‘ఈ’ (E) వరకు ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, ‘ఏ’ అన్నిటికంటే మంచిది. నీకు ‘ఏ’ కావాలి, దొరక్కపోతే ‘బీ’, అంతకు కిందికి దిగకు. ఆ పరీక్షలో తడి రోడ్డు మీద తిన్నగా పోతూ గంటకు 80 నుంచి 20 కిలోమీటర్లకు వేగం తగ్గడం కొలుస్తారు. మలుపులో పట్టు, నీళ్ల మీద తేలడం ఆ అక్షరంలో లేవు. అదీ కొత్త టైరుతో చేసిన పరీక్ష. అమెరికా పద్ధతిలో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద ట్రాక్షన్ అని ఉండి డబుల్ ఏ, ఏ, బీ, సీ గ్రేడులుంటాయి. అదీ తిన్నగా పోతున్నప్పటి బ్రేకు పట్టే. దాని దగ్గరే ట్రెడ్‌వేర్ అంకె ఉంటుంది. ఆ అంకె పెరిగేకొద్దీ టైరు ఎక్కువ కాలం మన్నుతుందని. కానీ ఆ అంకె ఏ కంపెనీకి ఆ కంపెనీ ఇచ్చుకునేదే, కాబట్టి ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చి నిర్ణయం తీసుకోకు.

ఇంకో చిక్కు. ఒకే మోడల్ టైరుకు ఒక సైజులో ‘ఏ’ ఉంటే మరో సైజులో ‘బీ’ ఉండొచ్చు. కార్ల కంపెనీల కోసం ప్రత్యేకంగా చేసిన రకాలూ ఉంటాయి. బీఎండబ్ల్యూ కోసమైతే నక్షత్రం, మెర్సిడెస్ కోసమైతే ఎంఓ, ఆడి కోసమైతే ఏఓ అని గుర్తు ఉంటుంది. పేరు ఒకటే అయినా లోపలి రబ్బరు, కట్టుబడి వేరు కావచ్చు. కాబట్టి పేరు చూసి కాదు, నీ సైజు, నీ గుర్తు ఉన్న లేబుల్ చూసి కొను.

ఏ రకం అంటావా? బలమైన కారుకు రోడ్డు కోసం చేసిన స్పోర్ట్ టైర్లు వేయించు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 5, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1 అసిమెట్రిక్ 6, కాంటినెంటల్ ప్రీమియం కాంటాక్ట్ 7, ఇలాంటి వరసలో చూడు. రేసు ట్రాక్ కోసం చేసిన, దాదాపు నున్నగా ఉండే సెమీ స్లిక్‌ల జోలికి పోకు. పొడి రోడ్డు మీద అవి అద్భుతం, గాడులు తక్కువ కాబట్టి నీళ్లు నిలిచిన చోట భయపెడతాయి. మైలేజీ కోసమే చేసిన టైర్లు కూడా ఇంత ఇంజన్‌కు నా లెక్కలో వద్దు. చలి 7 డిగ్రీల కంటే బాగా కిందికి పోయే చోట ఎక్కువగా తిరిగేట్టయితే మాత్రం, నేను చెప్పిన ఈ సమ్మర్ టైర్ల రబ్బరు బిగుసుకుపోతుంది, అప్పుడు అన్ని కాలాలకూ చేసిన మంచి ఆల్ సీజన్ టైరు చూసుకో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నిన్ను ఎక్కువగా హెచ్చరించాల్సింది దీని గురించే. ముందువే జారుతున్నాయి కాబట్టి కొత్త జత ముందుకు వేయించి, అరిగినవి వెనక్కి తోసేద్దామని అనిపిస్తుంది. లాగేదీ తిప్పేదీ ముందే కాబట్టి వాదన బాగానే కనిపిస్తుంది. చెయ్యకు. ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది, నీకు చేతిలో ముందే తెలుస్తుంది, కాలు కాస్త తీస్తే చాలాసార్లు దారికొస్తుంది. వెనక టైర్లు జారితే అంత వ్యవధి ఉండదు. తడి మలుపులో ఉన్నావనుకో. ముందు కొత్త టైర్లు గట్టిగా పట్టి ముక్కును లోపలికి లాగుతున్నాయి. ఎదురుగా ఏదో కనిపించి కాలు ఠక్కున తీశావు. బరువంతా ముందుకు దూకింది, అసలే తేలికైన వెనక భాగం ఇంకా తేలికైంది, అక్కడున్నవి అరిగిన టైర్లు. బండి తోక పక్కకు తిరిగిపోతుంది. స్టీరింగ్ ఎదురు తిప్పి సర్దుకోవాలంటే అలవాటున్న వాళ్లకే కష్టం. అందుకే రెండే మారిస్తే, ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయినా సరే, ఎక్కువ లోతు ఉన్నవి వెనక ఉండాలని టైర్ల కంపెనీలే చెబుతాయి.

అలాగైతే ముందు జారుడు ఎలా పోతుందంటావు. అందుకే నా మాట, నాలుగూ ఒకేసారి, ఒకే రకం మార్చు. ఆ తర్వాత పది వేల కిలోమీటర్ల లోపే ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పిస్తూ ఉండు. నీ బండికి ముందు టైర్లు చాలా త్వరగా అరుగుతాయి. తేడా బాగా పెరిగాక మార్పిస్తే అరిగినవి వెనక్కి చేరతాయి, మళ్లీ ఆ ప్రమాదమే. మొదటి నుంచీ మారుస్తూ వస్తే నాలుగూ దగ్గరదగ్గరగా అరిగి, ఒకేసారి మార్చుకునే వీలుంటుంది.

లోతు కొలిచే చిన్న గేజ్ ఒకటి దగ్గర పెట్టుకో. కొత్త టైరుకు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది, చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీసం 1.6. కానీ వానకు 3 దగ్గరే మార్చేయమంటాను. బయటి గాడి ఒక్కటే కొలిచి సరిపెట్టకు. స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, వంగి, లోపలి అంచు గాడి కూడా కొలువు. పైకి బాగానే కనిపించే టైరు లోపలి అంచున నున్నగా అయిపోయి ఉండొచ్చు. అలాగే అరచేతిని ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల భాగం) మీద అడ్డంగా ఒకసారి ఇటు, ఒకసారి అటు మెల్లగా రాయి. ఒక దిక్కున నున్నగా, మరో దిక్కున రంపపు పళ్లలా గీరుకుంటే చక్రాల అలైన్‌మెంట్ (అవి తిన్నగా ఉండే తీరు) తప్పిందని అర్థం. అది సరిచేయించకుండా కొత్త టైర్లు వేయిస్తే కొద్ది నెలల్లోనే అవీ అలాగే తయారవుతాయి.

కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అన్న ఇంగ్లీషు అక్షరాలున్న వరస చివర నాలుగంకెలు చూడు. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని. నాలుగు టైర్ల తేదీలూ దగ్గరదగ్గరగా ఉండాలి, ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్నవి వద్దు. బిగించాక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడుపు. అచ్చులోంచి తీసేటప్పుడు అంటుకునే పూత అరిగేదాకా కొత్త టైరు కూడా జారుతుంది, ముఖ్యంగా తడిలో.

ఈ ఆదివారం తీరిక చేసుకుని నాలుగు టైర్లకూ లోపల, మధ్య, బయట లోతు కొలిచి రాసి పంపు. సైడ్‌వాల్ మీద సైజు, ఆ నాలుగంకెల తేదీ కూడా స్పష్టంగా కనిపించేలా ఫోటో తీసి పెట్టు. అవి చూశాక ఏది కొనాలో ఇద్దరం కూర్చుని తేలుద్దాం. అప్పటిదాకా వానలో బయల్దేరేటప్పుడు రెండో గేరులో, కాలు తేలిగ్గా పెట్టి నడుపు.

ప్రేమతో,
మామయ్య