మూడో బెజ్జం ఖరీదు

పాత ఇంట్లో మూడు ప్లగ్ పాయింట్లు అదనంగా పెట్టించాలని, ఎలక్ట్రీషియన్ పాయింటుకు 400 రూపాయలు అడుగుతున్నాడని, అది న్యాయమైన ధరేనా అని మీరు అడిగారు. గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో 2023 మార్చిలో మేము కూడా సరిగ్గా మూడు పాయింట్లే పెట్టించాము. పాయింటుకు 350 రూపాయలన్న మాటతో మొదలైన ఆ పని 16,610 రూపాయల దగ్గర ఆగింది. మమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. ఆ డబ్బులో దాదాపు ఐదింట రెండు వంతులు, అంతకు పదకొండేళ్ల ముందే మేము ఖర్చు పెట్టి ఉండవలసింది.

ఇల్లు మా నాన్నగారు 1974లో కట్టించారు. అప్పట్లో గోడల మీద సన్నని చెక్క బద్దలు పరిచి, వాటి మీద రేకు క్లిప్పులతో వైర్లు బిగించేవారు. 1996లో ఆ బద్దలన్నీ పీకించి, గోడల్లోకి పైపులు దించి, రాగి తీగ లాగించారు. అయినా గదికి ఒకే స్విచ్ బోర్డు, బోర్డుకు ఒకే సాకెట్ అన్న పాత లెక్క మాత్రం మారలేదు. ఒక టేబుల్ ఫ్యానో, ఒక ఇస్త్రీ పెట్టో పెట్టుకుంటే చాలుననుకున్న కాలమది. 2023లో మా అమ్మకు మోకాలి ఆపరేషన్ జరిగి మెట్లెక్కే వీలు లేకపోవడంతో ఆమెను కింది గదిలోకి మార్చవలసి వచ్చింది. ఆ గదిలో ఉన్న ఏకైక సాకెట్ తలుపు పక్కన, మంచం పట్టేది కిటికీ పక్కన. నెబ్యులైజర్‌కీ ఫోను ఛార్జర్‌కీ మంచం దగ్గర రెండు మామూలు పాయింట్లు, గుంటూరు ఎండలు తెలిసినవారికి వివరించనక్కరలేని కారణం చేత ఏసీకి ఒక పవర్ పాయింటు పెట్టించాలని నిర్ణయించాము. ఈ మామూలు పాయింటునూ పవర్ పాయింటునూ జనం ఇప్పటికీ 5 ఆంపియర్లు, 15 ఆంపియర్లు అనే పిలుస్తారు కాని, కొనేటప్పుడు చూస్తే సాకెట్ మీద 6, 16 అని ఉంటుంది.

వచ్చిన ఎలక్ట్రీషియన్‌కు అరవై ఏళ్లు ఉంటాయి. గోడ కోసే కట్టర్ సంచిలోంచి తీయకుండానే, వంటింట్లో ఫ్రిజ్ వెనుక ఉన్న సాకెట్ ఎక్కడో చూపించమన్నాడు. పాయింట్లు పెట్టవలసింది పడక గదిలో అయితే వంటింటితో ఏమి పని అని నాకు కొంచెం విసుగు కలిగింది. ఆయన సంచిలోంచి ఒక హోల్డరుకు రెండు వైర్లు తగిలించిన మామూలు బల్బు తీసి, ఒక వైరు కొస కరెంటు వచ్చే ఫేజులో, రెండోది అది తిరిగి పోయే న్యూట్రల్‌లో పెట్టాడు. బల్బు వెలిగింది. రెండో కొసను తీసి పైన ఉన్న పెద్ద రంధ్రంలో, అంటే ఎర్త్‌లో పెట్టాడు. బల్బులో తీగ ఎర్రబడనైనా లేదు. హాల్లో సాకెట్‌కూ, వాషింగ్ మెషీన్ సాకెట్‌కూ అదే పరీక్ష చేశాడు. అన్నిచోట్లా అంతే.

"సార్, ఈ మూడో బెజ్జం ఉత్తుత్తిదండీ. దీని వెనక ఏమీ లేదు," అన్నాడు.

అప్పుడు మంచం మీద నుంచి మా అమ్మ అన్న మాట నేను ఇక మరిచిపోను. "నేను చెప్పలేదుట్రా అబ్బాయ్, ఫ్రిజ్జు ముట్టుకుంటే జివ్వుమంటోందని!"

చెప్పింది. ఒకసారి కాదు, కొన్నేళ్లుగా చెబుతూనే ఉంది. ఫ్రిజ్ తలుపు తీస్తే చెయ్యి జివ్వుమంటోందంటే, చెప్పులు వేసుకుని తియ్యమ్మా అని సలహా ఇచ్చాము. మా ఆవిడ ఫ్రిజ్ ముందు ఒక గోనెపట్టా వేసింది. వాషింగ్ మెషీన్ కూడా అలాగే ఉందంటే మెకానిక్‌ను రెండు సార్లు పిలిపించాము. అతను వచ్చిన ప్రతిసారీ 400 రూపాయలు తీసుకుని, మెషీన్‌లో లోపమేమీ లేదని చెప్పి వెళ్లాడు. అతను చెప్పింది నిజమే. చివరికి స్నానాల గదిలో కుళాయి తిప్పినా చేతికి తగులుతోందని అమ్మ అన్నప్పుడు, "కుళాయికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందమ్మా, వయసు మీద పడి నరాలు లాగుతున్నాయేమో" అని నేను నవ్వేశాను. ఇంజనీరింగ్ చదివిన వాడిని. చదివింది సివిల్ అయినా ఆ మాట అనకుండా ఉండవలసింది.

ఎలక్ట్రీషియన్ ఎర్త్ వైరును, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే వైరును వెదుక్కుంటూ స్నానాల గది వరకు వెళ్లాడు. 1996లో వైరింగ్ చేసినవారు ఇంట్లోని ఎర్త్ వైర్లన్నింటినీ ఒకచోట చేర్చి, స్నానాల గది గోడలో ఉన్న ఇనుప నీళ్ల పైపుకు క్లాంపు వేసి కట్టారు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అదే ఎర్త్. వీధిలోని పైపు కూడా ఇనుముదే కాబట్టి, అది భూమిలో చాలా దూరం పోయేది కాబట్టి పని జరిగిపోయేది. 2012లో మా పైపు తుప్పు పట్టి కారుతుంటే ప్లంబర్‌ను పిలిచి, వీధి కొళాయి నుంచి ఇంటి గోడ దాకా ప్లాస్టిక్ పైపు వేయించాము. ప్లాస్టిక్ పైపులో కరెంటు ప్రవహించదు. ఆ రోజుతో మా ఇంటికీ భూమికీ ఉన్న సంబంధం తెగిపోయింది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మోటారు, గోడలో మిగిలిపోయిన ఆ మూడు గజాల ఇనుప పైపు మాత్రం ఎర్త్ వైరు ద్వారా ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. కనుక వాటిలో ఏ ఒక్కదానిలో కరెంటు లీకైనా, అది భూమిలోకి పోయే దారి లేక మిగిలిన వాటన్నిటి మీదికీ పాకేది. కుళాయి దాకా వచ్చింది అదే. మనం టెస్టరు పెట్టి చూసి, ఫేజు దగ్గర దీపం వెలిగితే సాకెట్ బాగున్నట్టేనని సంతృప్తి పడతాము. ఎర్త్ ఉన్నదీ లేనిదీ ఆ టెస్టరుతో తేలదు, ఆ 40 వాట్ల బల్బుతో తేలుతుంది.

ఇక డబ్బు సంగతి. పాయింటుకు 350 అంటే స్విచ్చూ సాకెట్టూ బిగించి కలిపినందుకు కూలి మాత్రమే. పవర్ పాయింటుకు 600. మూడింటికీ కలిపి 1,300 రూపాయలు. గోడకు గాడి కొట్టడం వేరు, దానికి అడుగు లెక్క. మాకు 42 అడుగులు వచ్చింది, అడుగుకు 20 చొప్పున 840. వైర్లకు 2,870 అయింది. అందులో సగం పైగా ఏసీకే, ఎందుకంటే ఆ పాయింటుకు మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు రెండు వరసలు లాగాలి, మెయిన్ బోర్డు వీధి వరండాలో ఉంది, గది పెరటి వైపు ఉంది, పైపు వెంట కొలిస్తే 12 మీటర్లు. అదే గది వరండా పక్కన ఉండి ఉంటే ఆ ఖర్చు మూడో వంతుకు దిగేది. అందుకే పాయింటు రేటు ఒక్కటే తెలుసుకుని ఇంటికి ఎంతవుతుందో చెప్పమనడం, ఊరు పేరు చెప్పకుండా బస్సు ఛార్జీ ఎంత అని అడిగినట్టు ఉంటుంది. పైపులు, పెట్టెలు, స్విచ్చులు, సాకెట్లకు 1,450. ఏసీకి 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్చు), దాని పెట్టె కలిపి 650.

గాడి కొట్టించవద్దని, గోడ మీద ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ వేసి అందులో వైర్లు పోనిద్దామని నేను అన్నాను. దుమ్ము ఉండదు, మేస్త్రి అక్కరలేదు, రేపు వైరు మార్చాలన్నా పట్టీ మూత తీస్తే సరిపోతుంది. ఆపరేషన్ అయిన మనిషి ఉన్న ఇంట్లో కట్టర్ ఆడించడం ఎందుకన్నది నా వాదన. మా బావమరిది అడ్డుపడి, పట్టీలు వేస్తే ఇల్లు కిరాణా కొట్టులా ఉంటుందన్నాడు. ఇంట్లో అందరూ అతని పక్షమే వహించారు. ఫలితంగా రెండు రోజుల పాటు వంటింట్లో చింతపండు డబ్బా మీద కూడా సిమెంటు ధూళి పేరుకుంది. గాడులు పూడ్చిన మేస్త్రికీ, లప్పం పెట్టి ఆ రెండు గోడలకూ రంగు వేసిన పెయింటర్‌కూ కలిపి 2,800 రూపాయలు ఇచ్చాము. అంటే మూడు పాయింట్లు బిగించిన మనిషి కూలికి రెండింతలకు పైగా, ఆ పని జరిగినట్టు కనబడకుండా చేసినవారికి ఇచ్చామన్నమాట. కొత్త రంగు పాత రంగుతో కలవలేదు, అది ఇప్పటికీ కనబడుతూనే ఉంది.

ఎర్త్ గొయ్యికి 4,500 అయింది. పెరట్లో జామచెట్టు పక్కన తవ్వారు. మాది నల్లరేగడి నేల కాబట్టి లోపల తేమ బాగానే నిలిచి ఉంది. ఎనిమిది అడుగుల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, పైన నీళ్లు పోయడానికి గరాటు అమర్చారు. వేసవిలో రేగడి నేల పగుళ్లిస్తుంది గనుక అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్లు పోయమని చెప్పారు. దీనితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి మెయిన్ బోర్డులో పెట్టించాడు, దాని ఖరీదు 2,200. ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే, ఎక్కడో లీకవుతున్నట్టే లెక్కగట్టి అది సరఫరాను తెంచేస్తుంది. ఎంసీబీ ఆ పని చేయదు. ఎంసీబీ వైరు కాలిపోకుండా చూస్తుంది, ఆర్‌సీసీబీ మనిషిని చూస్తుంది. ఇది పెట్టుకున్నాక ఎర్త్ ఎందుకని మా బావమరిది అడిగితే ఎలక్ట్రీషియన్ చెప్పిన జవాబు నాకు నచ్చింది. ఎర్త్ ఉంటే ఎవరూ ముట్టుకోకముందే ఆర్‌సీసీబీ పడిపోతుంది, ఎర్త్ లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకున్నాక పడిపోతుంది.

ఆ మాట అన్న పది నిమిషాలకే రుజువైంది. గొయ్యి నుంచి వచ్చిన వైరును కలిపి, మెయిన్ వేసి, ఒక్కొక్క సామాను ప్లగ్ పెట్టుకుంటూ వచ్చాము. వాషింగ్ మెషీన్ పెట్టాము, ఏమీ కాలేదు. మోటారు వేశాము, ఏమీ కాలేదు. ఫ్రిజ్ ప్లగ్ పెట్టగానే టప్పున ఆర్‌సీసీబీ పడిపోయింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ పడింది. ఫ్రిజ్ వెనుక అడుగున రేకు విప్పి చూస్తే, కంప్రెసర్ దగ్గర వైరు మీది తొడుగును ఎలుక కొరికేసి ఉంది, లోపలి రాగి తీగ ఇనుప చట్రానికి ఆనుకుని ఉంది. ఎన్నాళ్ల నుంచి అలా ఉందో ఎలుకకే తెలియాలి. ఫ్రిజ్ మెకానిక్‌కు ఇచ్చిన 450 రూపాయలు పైన చెప్పిన 16,610లో కలపలేదు. వాషింగ్ మెషీన్ మెకానిక్‌కు దండగగా ఇచ్చిన 800 కూడా కలపలేదు.

ఈ సందర్భంలో ఒక ఫిర్యాదు చెప్పకుండా ఉండలేను. త్రీపిన్ ప్లగ్‌లో పై పిన్ను మిగతా రెండింటి కంటే పొడవుగా, లావుగా ఉండేది ఎందుకంటే, పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు ఎర్త్ తగలాలని, తీసేటప్పుడు అన్నిటికంటే చివర వదలాలని. రెండు రంధ్రాల సాకెట్‌లో పట్టడం లేదని ఆ పిన్నును రంపంతో కోసేసేవారిని నా కళ్లారా చూశాను. దానికి తోడు, ఏ దేశపు ప్లగ్గైనా పడుతుందని అమ్మే ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఉన్నాయి. అన్నీ పట్టే రంధ్రం దేన్నీ గట్టిగా పట్టుకోదు. వదులుగా ఉన్న పిన్ను దగ్గర నిప్పురవ్వలు లేచి, ఇస్త్రీ పెట్టె పెట్టిన చోట ప్లాస్టిక్ కరిగిపోతుంది. కొత్త అపార్టుమెంట్లు మాత్రం ఏమి మెరుగు? లక్ష్మీపురంలో మా చెల్లెలు కొన్న ఫ్లాటులో పడక గదికి నాలుగు సాకెట్లు ఇచ్చారు, వాటిలో మూడు బీరువా వెనక్కి పోయాయి. మంచం ఎక్కడ వేస్తారని ప్లాను గీసేటప్పుడే ఇంటి ఆడవాళ్లను అడిగి ఉంటే, గోడలకు పూత పడకముందే, గాడి కూలీ, పెయింటర్ కూలీ లేకుండా పని తేలిపోయేది.

మీరు అడిగిన 400 దగ్గరికి వస్తే, మాకు 350 అయిన తరువాత కూలి రేట్లు పెరిగాయి కాబట్టి నేనైతే ఆ అంకె మీద బేరం ఆడను. ఆ 400లో ఏమేమి కలిసి ఉన్నాయో అడుగుతాను. గాడి అందులోనేనా, వైరు ఎవరిది, మెయిన్ బోర్డు నుంచి విడిగా లాగుతాడా, లేక పక్క బోర్డు నుంచి లాగేస్తాడా అని అడుగుతాను. పక్క బోర్డులోంచి లాగితే చవకగా పోతుంది, ఛార్జర్లకూ బెడ్ ల్యాంపుకూ అది సరిపోతుంది కూడా. గీజరుకు, ఏసీకి, వంటింట్లో మైక్రోవేవ్‌కు మాత్రం వద్దు. మీది పాత ఇల్లన్నారు కాబట్టి, నీళ్ల పైపులు ఎప్పుడైనా మార్చారేమో గుర్తు తెచ్చుకోండి. మార్చి ఉంటే, గోడ మీద కట్టర్ పెట్టకముందే ఫ్రిజ్ సాకెట్‌లో బల్బు వేసి చూపించమని ఆయనను అడగండి. బల్బు వెలిగితే మీ మూడు పాయింట్లు, ఏసీ లేకపోతే, ఆరేడు వేలలో అయిపోతాయి. వెలగకపోతే గొయ్యికీ ఆర్‌సీసీబీకీ కలిపి మరో ఏడు వేలు పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టండి.