ప్రయోగశాల కొలిమిలో సిమెంటు ఖనిజాలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం సిమెంటులోని ప్రధాన ఖనిజమైన ట్రైకాల్షియం సిలికేట్ తయారు చేయవలసి వచ్చింది. కాల్షియం కార్బొనేట్, క్వార్ట్జ్ (సిలికా) పొడి లెక్క ప్రకారం కలిపి, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) మూసలో 1,450 డిగ్రీల సెల్సియస్ వద్ద నాలుగు గంటలు కాల్చి, రాత్రంతా కొలిమిలోనే చల్లారనిచ్చాను. బిళ్లను పొడి చేసి నీటిలో వేసి ఫినాల్ఫ్తలీన్ (క్షారం ఉంటే గులాబి రంగు చూపే సూచిక) చుక్క వేస్తే ముదురు గులాబి రంగు వచ్చింది. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (స్ఫటికాలను గుర్తించే) పరీక్ష‌లో డైకాల్షియం సిలికేట్ (తక్కువ సున్నం చేరిన సిలికేట్), సున్నం బలంగా కనిపిస్తున్నాయి. ఉష్ణోగ్రత ఇంకా పెంచాలా?
— ఒక విద్యార్థిని, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: పెంచనవసరం లేదు. లోపం వేడిలో కాదు, నూరడంలోనూ చల్లార్చడంలోనూ ఉంది.

సిమెంటు కర్మాగారపు కొలిమిలో ముడిసరుకుతోపాటు అల్యూమినా, ఐరన్ ఆక్సైడ్ కూడా ఉంటాయి కాబట్టి సుమారు 1,340 డిగ్రీల వద్ద కొంత భాగం కరిగి ద్రవమవుతుంది. సున్నం, డైకాల్షియం సిలికేట్ ఆ ద్రవంలో కరిగి, ట్రైకాల్షియం సిలికేట్‌గా స్ఫటికీకరిస్తాయి. మీ మిశ్రమంలో ఉన్నవి సున్నమూ సిలికా మాత్రమే. ఈ పాళ్లలో ఆ రెండింటి మధ్య 2,000 డిగ్రీలు దాటేదాకా ద్రవం పుట్టదు. కాబట్టి చర్య అంతా ఘనపదార్థంలోనే, రేణువు రేణువును తాకిన చోటనే జరగాలి. మొదట ప్రతి క్వార్ట్జ్ రేణువు చుట్టూ డైకాల్షియం సిలికేట్ పొర ఏర్పడుతుంది; ఆ పైన చేరవలసిన సున్నం ఆ పొరగుండా నెమ్మదిగా లోపలికి పాకాలి. రేణువు ముతకగా ఉంటే మరో వంద డిగ్రీలు పెంచినా లోపలి భాగానికి సున్నం అందడం కష్టమే. అందువల్ల క్వార్ట్జ్‌ను కనీసం 45 మైక్రాన్ల జల్లెడలో పూర్తిగా దిగేటట్టు, వీలైతే ఇంకా మెత్తగా నూరి, కార్బొనేట్‌తో అసిటోన్‌లో తడిపి అగేట్ కల్వంలో కలిపి, ఆరబెట్టి బిళ్లలుగా ఒత్తండి. దాదాపు 1,000 డిగ్రీల వద్ద కార్బన్ డయాక్సైడ్ పూర్తిగా పోయేదాకా ఉంచి, తరువాత 1,450 నుంచి 1,500 డిగ్రీల వద్ద కొన్ని గంటలు కాల్చండి. బయటికి తీసి మళ్లీ మెత్తగా నూరి, మళ్లీ బిళ్ల ఒత్తి, మళ్లీ కాల్చాలి. స్వేచ్ఛా సున్నం (చర్యలో కలవకుండా మిగిలినది) ఒక శాతం లోపుకు దిగేవరకు ఈ చక్రం సాగవలసిందే. ఇది విసుగు పుట్టించే పని అని ఒప్పుకుంటాను. అయినా దీనికి దగ్గరి దారి లేదు.

చల్లార్చడం సంగతి. ట్రైకాల్షియం సిలికేట్ సుమారు 1,250 డిగ్రీలకు పైననే స్థిరంగా ఉంటుంది. అంతకు దిగువన నెమ్మదిగా డైకాల్షియం సిలికేట్, సున్నంగా విడిపోవడానికి చూస్తుంది. రాత్రంతా కొలిమిలో వదిలేయడమంటే ఆ విడిపోవడానికి మీరే వ్యవధి ఇచ్చినట్లు. పొడవాటి పటకారుతో, ముఖ కవచం, వేడిని తట్టుకునే చేతితొడుగులు ధరించి, మూసను వేడిగా ఉండగానే బయటికి తీసి గాలిలో చల్లార్చండి. గది ఉష్ణోగ్రతకు చేరిన తరువాత విడిపోయే వేగం దాదాపు శూన్యం. అందుకే సిమెంటు బస్తాలో అది భద్రంగా ఉంటుంది.

అల్యూమినా మూస విషయంలో జాగ్రత్త. సున్నం దాని గోడతో కలిసి కాల్షియం అల్యూమినేట్ చేస్తుంది. ప్లాటినం మూస దొరకకపోతే అడుగున అదే పొడిని పరిచి, దానిపై బిళ్లను పెట్టి, చివరకు ఆ అడుగు పొరను పారేయండి. తూకంలో 100 గ్రాముల ట్రైకాల్షియం సిలికేట్‌కు 131.5 గ్రాముల కార్బొనేట్, 26.3 గ్రాముల సిలికా కావాలి. సున్నాన్నే నేరుగా తూయవచ్చు కదా అనిపిస్తుంది కానీ, విశాఖ సముద్రపు గాలిలోని తేమకు సున్నం త్రాసు పళ్లెంలోనే బరువు పెరుగుతూ పోతుంది.

ఇక ఫినాల్ఫ్తలీన్ పరీక్ష మీకు ఏమీ చెప్పలేదు. శుద్ధమైన ట్రైకాల్షియం సిలికేట్ కూడా నీటిలో కాల్షియం హైడ్రాక్సైడ్‌ను విడుదల చేసి అదే గులాబి రంగునిస్తుంది. స్వేచ్ఛా సున్నాన్ని కొలవాలంటే పొడిని నీరు లేని ఇథిలీన్ గ్లైకాల్‌లో వేడి చేసి, అందులో కరిగిన సున్నాన్ని మాత్రం ఆమ్లంతో టైట్రేట్ చేయాలి.

ప్రశ్న: డైకాల్షియం సిలికేట్ బిళ్ల కొలిమిలోంచి తీసినప్పుడు గట్టిగానే ఉంది. చల్లారుతూండగా నా కళ్ల ముందే పగిలి పొడి అయిపోయింది. ఎందుకు?
— ఒక పరిశోధక విద్యార్థి, సీతమ్మధార

జవాబు: మీరు చూసినది పాఠ్యపుస్తకాల్లోని ప్రసిద్ధ దృశ్యమే. ఈ సమ్మేళనానికి అనేక స్ఫటిక రూపాలున్నాయి. సుమారు 500 డిగ్రీలకు దిగువన బీటా రూపం గామాగా మారేటప్పుడు ఘనపరిమాణం పది శాతానికి పైగా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి రేణువులు చిట్లి బిళ్ల విభూతిలా రాలిపోతుంది. గామా నీటితో దాదాపు చర్య జరపదు కాబట్టి సిమెంటుగా పనికిరాదు. మిశ్రమంలో అర శాతం దాకా బోరిక్ ఆక్సైడ్ కలిపి, త్వరగా చల్లారిస్తే బీటా నిలుస్తుంది. కర్మాగారపు కొలిమి నుంచి వచ్చే గడ్డల్లో, అంటే క్లింకర్‌లో ఈ పని సహజంగా ఉండే మలినాలే చేస్తాయి.

ప్రశ్న: మా బడి సైన్సు ప్రదర్శనకు ఆర్కే బీచ్‌లో ఏరిన గవ్వలు, భీమిలి ఇసుక కలిపి కాల్చి సిమెంటు చేసి చూపవచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు, గాజువాక

జవాబు: బడిలో 1,450 డిగ్రీల కొలిమి ఉండదు కనుక సిమెంటు సాధ్యం కాదు. భీమిలి తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్ వంటి భారఖనిజాలు కలిసి ఉంటాయి. కొంత మోనజైట్ కూడా ఉండవచ్చు, అందులో రేడియోధార్మిక మూలకమైన థోరియం ఉంటుంది. దానిని పిల్లల చేత నూరించకండి. గవ్వలు మాత్రం పనికివస్తాయి. కోస్తాలో గుల్ల సున్నం కాల్చడం పాత పనే. గవ్వలను మంచినీటిలో బాగా కడిగి ఉప్పు పోగొట్టి, ఆరబెట్టి, మఫిల్ ఫర్నేస్ అనే ప్రయోగశాల విద్యుత్ కొలిమి‌లో 950 డిగ్రీల వద్ద రెండు గంటలు కాల్చి, ముందూ తరువాతా తూకం వేయించండి. శుద్ధమైన కార్బొనేట్ 100 గ్రాములకు 44 గ్రాములు తగ్గుతుంది. గవ్వలది అంతకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మిగిలిన సున్నంపై నీరు పోసే పని మీరే చేయండి, కళ్లద్దాలు పెట్టుకుని, చుక్క చుక్కగా.