మొదటిసారి రైల్లో దూరప్రయాణం: ఏమేం చూసుకోవాలి?

ముందు టికెట్ మీద తేదీ సరిచూసుకోండి. అర్ధరాత్రి దాటాక బయల్దేరే బండ్ల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. 15వ తేదీ 00:20 బండికి 14వ తేదీ రాత్రే స్టేషన్‌లో ఉండాలి. 15 రాత్రి వెళ్తే అది వెళ్లిపోయి దాదాపు ఒక రోజవుతుంది.

మీ కోచ్‌లోనే ఎక్కండి. కొన్ని రైళ్లు దారిలో రెండుగా విడిపోయి వేర్వేరు ఊళ్లకు వెళ్తాయి.

పెద్ద పెట్టె సీటు కింద పెట్టి మందులు, చార్జర్, నీళ్లు, దుప్పటి చిన్న సంచిలో చేతికందేలా ఉంచుకోండి. కడుపులో తిప్పే స్వభావమైతే బోగీ మధ్యలో, బండి వెళ్లే దిక్కుకు ముఖంపెట్టి కూర్చోండి. చక్రాలుండే చివర్లలో కుదుపు ఎక్కువ. మధ్య స్టేషన్లో దిగినా తలుపు దగ్గరే ఉండండి, ఆలస్యమైన బండి తొందరగా కదిలిపోవచ్చు. రాత్రిపూట దిగాల్సి ఉంటే అరగంట ముందుకు అలారం తప్పనిసరి.