మట్టికట్ట వెనక కాపురం: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవి తమ్ముడికి,

నీ నవల అధ్యాయాలు చదివాను. కథాకాలం ఏడో శతాబ్దపు ఐర్లండ్. కానీ నీ రైతు బురుజుల కోటలో ఉంటున్నాడు, శత్రువులు నెల్లాళ్లు ముట్టడించారు. అది నడవదు. అప్పటి రింగ్‌ఫోర్ట్ ఒక కుటుంబం ఉండే ఇల్లూ వాకిలీ, చుట్టూ మట్టికట్ట. చాలావాటి లోపల బావి కూడా లేదు. ముట్టడి వేస్తే దాహానికే లొంగిపోతారు.

ముందు పటం గీసుకో. ఎక్కువ ఆవరణల వ్యాసం 20 నుంచి 44 మీటర్లు. గుండ్రంగా కందకం తవ్వి, ఆ మన్ను లోపలివైపు పోస్తే కట్ట లేస్తుంది. వాకిలి ముందు తవ్వకుండా వదిలిన నేలే దారి. వాకిలి తరచు తూర్పుకో ఆగ్నేయానికో ఉంటుంది. రాయి దొరికేచోట కట్టకు బదులు సున్నం లేకుండా పేర్చిన గోడ. రెండు మూడు వరుసల కట్టలు గొప్పవాళ్ల డాబు, నీ రైతుకు ఒకటి చాలు. సుమారు 700 నాటి న్యాయగ్రంథం 'క్రీత్ గాబ్లాఖ్' చిన్న రాజు ఆవరణకే 140 అడుగులు చెప్పింది. పాడిరైతు ఇంటికి 27.

ఇంటి విషయానికి ఆంట్రిమ్ కౌంటీలోని డీర్ పార్క్ ఫార్మ్స్ తవ్వకాలు చూడు. నేల తడిగా ఉండటంతో కర్ర పాడవలేదు. హేజెల్ అనే చెట్టు బరికెలతో బుట్టలా అల్లిన రెండు పొరల గోడ, మధ్యలో కుక్కిన గడ్డీ గాదం. ఒక ఇంటి ద్వారబంధానికి ఓక్ చెట్టును 648లో నరికారని కర్రలోని ఏటేటి వలయాల లెక్క తేల్చింది. ఇల్లు గుండ్రం, కాబట్టి నీ నాయిక 'మూలన' నక్కలేదు. పొయ్యి నడిమధ్యన, పొగగొట్టం లేదు. బంగాళాదుంపలు తీసెయ్, నాణేలు కూడా; లెక్కలు ఎక్కువగా పాడి ఆవుల్లోనే.

దాడి దృశ్యం మళ్లీ రాయాలి. వచ్చేవాళ్లకు కావలసింది పశువులు. మంద మేతకు బయట ఉంటుంది, ఇళ్లు పోగా మిగిలిన జాగాలో అదంతా పట్టదు. కట్ట తోడేళ్లను ఆపుతుంది, దొంగలను కాసేపు ఆలస్యం చేస్తుంది, అంతే. ఆ కాసేపట్లో ఎవరిని లోపలికి లాగాలి, దేన్ని వదులుకోవాలి అన్నదే నీ దృశ్యం. యుద్ధవ్యూహాలు నాకైతే విసుగు.

సొరంగం మీద మోజు వదలకపోతే కథను తొమ్మిదో శతాబ్దానికి జరుపు, ఎక్కువ సొరంగాలు ఆ తరవాతి కాలానివే. రాతి గోడలు, పైన బండలు, మధ్యలో ఒక్కరే పాకగలిగే ఇరుకు. వెంటాడేవాడు తల ముందుపెట్టి రావాలి, లోపలివాడికి అదే అదను. మామూలు రోజుల్లో అది పాలూ వెన్నా దాచే చల్లటి కొట్టు. బయటినుంచి పొగ పెడితే మాత్రం దాక్కున్నవాళ్ల పని అయిపోయినట్టే; గాలి రంధ్రం ఎక్కడో పటంలో గుర్తుపెట్టి, అధ్యాయంతో పాటు పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య