వెండి బిళ్ళ కొనేముందు వెనక్కి తిప్పి చూడు

అబ్బాయీ,

లండన్ వేలంలో రాజచిహ్నం చెక్కిన డికాంటర్ (మద్యం పోసి పెట్టే గాజు సీసా) లేబుల్ కొనాలనుందని రాశావు. చాలా సంతోషం. కాగితపు లేబుళ్ళు రాకముందు, ఏ సీసాలో మదీరా వైన్, ఏ సీసాలో పోర్ట్ వైన్ ఉందో తెలియడానికి సీసా మెడకు గొలుసుతో వేలాడదీసిన బిళ్ళలవి. డబ్బు కట్టేముందు మాత్రం వెనక ముద్రలు, ముందు చిహ్నం ఒకే కాలానివేనా అని చూసుకో.

నడుస్తున్న సింహం ముద్ర ఉంటే 92.5 శాతం వెండి. 1784 నుంచి 1890 దాకా పన్ను కట్టిన గుర్తుగా రాజు లేదా రాణి తల ముద్ర వేసేవారు. ఏ సంవత్సరమో చెప్పే అక్షరాన్ని వెండి ముద్రల పట్టికతో పోల్చుకో. 1790కి ముందువాటి మీద ముద్రలు తక్కువగా ఉంటే టెన్షన్ పడకు, అప్పట్లో చిన్న వస్తువులకు మినహాయింపు ఉండేది.

ఇక చిహ్నం. దీని దగ్గర తొందరపడకు. బ్రిటన్ రాజుల చిహ్నంలోని డాలు మీద 1801 దాకా ఫ్రాన్స్ లిల్లీ పూలు ఉండేవి. ఆ ఏడు వాటిని తీసేసి, ఆ రాజులే ఏలిన జర్మన్ రాజ్యం హానోవర్ చిహ్నాన్ని మధ్యలో చిన్న డాలుగా పెట్టి, పైన టోపీ వేశారు. 1816లో టోపీ పోయి కిరీటం వచ్చింది. 1837లో విక్టోరియా రాణి అయ్యింది. మగవారసులుండగా హానోవర్ సింహాసనం ఆడవాళ్ళకు రాదు కాబట్టి ఆ చిన్న డాలే పోయింది. వెనక 1810 అక్షరం ఉండి, ముందు చిన్న డాలు లేని రాజచిహ్నం కనిపిస్తే, ఆ చెక్కడం తర్వాతిదే. అంతమాత్రాన మోసం అనుకోకు, పాత వెండి మీద కొత్త చిహ్నం చెక్కించుకోవడం గొప్ప ఇళ్ళలో మామూలే. కానీ మొదటినుంచీ రాజచిహ్నం ఉన్న బిళ్ళకిచ్చే ధర ఇవ్వొద్దు.

డాలు పైభాగంలో అడ్డంగా, కిందికి మూడు కాళ్ళున్న పట్టీ ఉంటే అది రాజుది కాదు, రాజు సంతానానిది. మూడు నిప్పుకోడి ఈకలు వేల్స్ యువరాజువి. రాజవంశపు వెండి బయటికెలా వచ్చిందని అడిగావు కదా, మూడో జార్జ్ రాజు కొడుకు, యార్క్ డ్యూక్ ఫ్రెడరిక్ 1827లో చనిపోతే ఆయన వెండిని అదే ఏడు క్రిస్టీస్ అనే లండన్ వేలం సంస్థలో వేలం వేశారు.

బిళ్ళ మీద నోటితో ఆవిరి ఊదు. అతికిన చోటు ఉంటే గీతలా బయటపడుతుంది. వేలితో తడిమి చూడు. చిహ్నం దగ్గర వెండి పలచగా అనిపిస్తే పాత చెక్కడాన్ని గీకేశారన్నమాట. మిగతా బిళ్ళ అరిగి నునుపుగా ఉండి, చిహ్నం గీతలు మాత్రం పదునుగా తగిలినా అనుమానించు. మద్యం పేరును కూడా ఇలాగే చూడు, మామూలు పేరు చెరిపి అరుదైన పేరు చెక్కి ఎక్కువకి అమ్మేవాళ్ళుంటారు.

కొన్నాక పాలిష్ పెట్టి రుద్దకు, చెక్కడం అరిగిపోతే మళ్ళీ రాదు. ముందు వెనకల ఫోటోలు, పక్కనుంచి వెలుతురు పడేలా తీసి, వేలానికి ముందే నాకు పంపు.

మీ పెదనాన్న