కన్జర్వేషన్ ఏరియాలో ఇల్లుంటే అది లిస్టెడ్ బిల్డింగ్ అయినట్టేనా?

కాదు. ఇంగ్లండ్‌లో ఇల్లు కొనేవాళ్లు చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. కన్జర్వేషన్ ఏరియా అంటే మొత్తం ప్రాంతపు రూపురేఖలకు రక్షణ. 1967లో వచ్చిన చట్టంతో ఇది మొదలైంది. లింకన్‌షైర్‌లోని స్టామ్‌ఫర్డ్ పట్టణం మొదటిది. ఏ ప్రాంతాన్ని చేర్చాలన్నది సాధారణంగా స్థానిక కౌన్సిలే నిర్ణయిస్తుంది.

ఇక్కడ పట్టింపంతా బయటికి కనిపించే వాటి మీదే. ఇల్లు కూల్చాలంటే దాదాపుగా అనుమతి తప్పదు. పెరట్లో ఓ మోస్తరు చెట్టు కొమ్మలు నరకాలన్నా ఆరు వారాల ముందే కౌన్సిల్‌కు నోటీసివ్వాలి. లోపల వంటగది మార్చుకుంటే మాత్రం ఈ నిబంధనలు అడ్డురావు.

లిస్టెడ్ బిల్డింగ్ సంగతి వేరు. చారిత్రక కట్టడాల విషయాలు చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ అనే సంస్థ సలహాపై ప్రభుత్వం ఒక్కో కట్టడాన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేరుస్తుంది. పైనుంచి కిందికి గ్రేడ్ 1, గ్రేడ్ 2 స్టార్, గ్రేడ్ 2 అని మూడు స్థాయిలుంటాయి. తొంభై శాతానికి పైగా గ్రేడ్ 2వే. 'గ్రేడ్ 2 కదా, పర్లేదు' అనుకోవద్దు, రక్షణ లోపలికీ వర్తిస్తుంది. పాత మెట్లు, ఫైర్‌ప్లేస్, గోడ మీది సున్నపు ప్లాస్టర్, పైకి జరిపే చెక్క కిటికీ, వీటిలో దేన్ని పీకేసినా కట్టడం స్వరూపం దెబ్బతింటుందనుకుంటే ముందుగా ప్రత్యేక అనుమతి కావాలి. అది లేకుండా పని చేయిస్తే క్రిమినల్ నేరం. పాత యజమాని చేసిన మార్పులను సరిచేయమని కొత్తగా కొన్నవారికి నోటీసు రావచ్చు కూడా! నన్నడిగితే అసలు టెన్షన్ అక్కడే. అందుకే కొనేముందు పాత అనుమతి పత్రాలు అడిగి చూడండి.